ఒక్క పగటి రేవు

విశాఖపట్టణం ఓడరేవులో 38 సంవత్సరాలు గుమాస్తాగా పనిచేసిన ఆ పెద్దమనిషి, పరదేశపు నావికుల నడకను బట్టి వారికి ఇంకా ఎంత వ్యవధి మిగిలి ఉన్నదో చెప్పగలిగేవారు. ఉదయం ఒడ్డున దిగినవారు చేతులూపుకొంటూ, దుకాణాల వైపు తీరికగా చూస్తూ నడుస్తారు. మధ్యాహ్నం దాటిన తరువాత మాటిమాటికీ చేతిగడియారం చూసికొంటారు. పొద్దు వాలేసరికి చంకలో ఒక పొట్లం, నుదుట చెమటతో రేవు గేటు వైపు పరుగువంటి నడక సాగిస్తారు. ఓడ ఎవరి కోసమూ ఆగదు. రేవులో దానికి కేటాయించిన కాలం ముగిసినదంటే బయలుదేరవలసినదే.

ఆ కాస్త వ్యవధిలో వారు తమ ఊరిలో ఏమి చూశారన్నది ఆయనకు ఎప్పుడూ వినోదంగానే ఉండేది. ఒకరు సింహాచలం మెట్ల ఫోటో చూపేవారు. ఒకరు సముద్రపుటొడ్డున వేరుసెనగకాయల బండిని, మరొకరు నడివీధిలో పడుకొన్న గేదెను చూపేవారు. “ఊరంతా చూశాను” అని సంతోషంగా చెప్పేవారు. ఆయన తలవూపి, కాగితం మీద ముద్ర వేసి పంపేవారు. పుట్టి పెరిగిన ఊరే తనకు పూర్తిగా తెలియదనిపిస్తుంటే, ఆరు గంటలలో ఊరంతా చూసినవారి మీద ఆయనకు ఒకవిధమైన జాలి కలిగేది.

ఒక్కసారి మాత్రం ఆ జాలి తిరిగి ఆయన మీదికే వచ్చినది. 1980 దశకంలో ఒకనాడు, ఇనుప ఖనిజం నింపుకొనడానికి వచ్చిన జపాను ఓడలోని అధికారి ఒకాయన, కాగితాలపై సంతకం చేస్తూ, ఓడలోకి జారుతున్న ఎర్రని రాశిని చూపి అడిగాడు: “ఈ మన్ను ఎక్కడిది?”

“బైలడిల్లా” అన్నారాయన. రోజుకు పదిసార్లు వ్రాసే పేరే గనుక తడుముకొనలేదు.

“ఎట్లా ఉంటుంది ఆ చోటు?”

ఆయన వద్ద సమాధానం లేదు. ఖనిజం బరువు తెలుసు. బండికి ఎన్ని పెట్టెలో తెలుసు. దాని ధూళి తమ ఇంటి కిటికీల మీద, ఆరవేసిన బట్టల మీద, తల్లి ఆరబెట్టిన వడియాల మీద ఎంత మందాన పేరుకొంటుందో తెలుసు. ఆ చోటు ఎట్లా ఉంటుందో మాత్రం తెలియదు. అధికారి చిరునవ్వు నవ్వి వెళ్ళిపోయాడు. ఓడ ఆ సాయంత్రమే కదిలిపోయినది. ప్రశ్న మాత్రం రేవులో ఉండిపోయినది.

ఒక్క పగటి కోసం రేవులో దిగి తిరిగి ఓడ ఎక్కే పద్ధతి నావికులతో ఆగలేదు. ఈనాడు లక్షలమంది కేవలం వినోదం కోసమే అట్లా ప్రయాణిస్తున్నారు. అందుకు పేరుపడినది కరీబియన్ సముద్రం. మెక్సికోకు చెందిన కొజుమెల్, సెయింట్ మార్టిన్, బార్బడోస్ వంటి దీవుల వద్ద పెద్ద పెద్ద విహార నౌకలు ఉదయం ఆగి సాయంత్రానికి సాగిపోతాయి. ఒక్కొక్క నౌకలో వేలమంది. వారు దిగగానే రేవు వీధి మేలుకొంటుంది. పూసల దండలు, తాటాకు టోపీలు, మేజోళ్ళు, మద్యం సీసాలు అమ్ముడవుతాయి. ఒక గంట ఇసుకతీరాన, ఒక గంట పాత కోట వద్ద గడుస్తాయి. నౌక కూత వేయగానే వీధి తిరిగి నిద్రపోతుంది. ఆంటీగా దీవిలో పుట్టిన రచయిత్రి జమైకా కిన్‌కెయిడ్ 1988లో ‘ఎ స్మాల్ ప్లేస్’ అనే చిన్న పుస్తకంలో ఈ వ్యవహారాన్ని తీరంలో నిలుచున్నవారి కన్నులతో చూపించింది. వచ్చిపోయేవారిని చూస్తూ, తాము మాత్రం ఎక్కడికీ వెళ్ళలేని బీదవారి మనస్సులో ఏముంటుందో యాత్రికుడు అడుగడని ఆమె ఆవేదన.

విశాఖపట్టణానికి కూడా ఆ తరహా ఓడలు రావడం మొదలైనది. 2023 సెప్టెంబరులో అక్కడ విహార నౌకల కోసమని ప్రత్యేకంగా ఒక టెర్మినల్ ప్రారంభమైనది. అప్పటికి ఆయన ఉద్యోగ విరమణ చేసి తొమ్మిదేళ్ళు. పత్రికలో ఆ వార్త చదివి, భార్యతో అన్నారు: “మన రేవుకు ఇంతమంది వచ్చి దిగారు. మనం ఎప్పుడూ ఏ రేవులోనూ దిగలేదు.”

“ఓడ ఎక్కే డబ్బు మనకెక్కడిదండీ?” అన్నది ఆమె.

“ఓడ అక్కరలేదు. రైలు చాలు.”

ఆయన మనస్సులో ఉన్నది బస్తరు. అయితే వారికి ఉన్న వ్యవధి కూడా నావికుల వ్యవధివంటిదే. ఇంటిలో 92 ఏళ్ళ తల్లి ఉన్నది. రెండు రాత్రులు వచ్చి ఆమెను చూసుకొంటానని తమ్ముడు ఒప్పుకొన్నాడు. ఒక రాత్రి వెళ్ళడానికి, ఒక రాత్రి రావడానికి పోతే, నడుమ మిగిలేది ఒక్క పగలు. అంతలో బైలడిల్లా దాకా పోయి రావడం కుదరదు. జగదల్‌పూర్ వరకు వెళ్ళవచ్చు. ఫాల్గుణ మాసంలో ఒక రాత్రి పులిహోర పొట్లం, మంచినీళ్ళ సీసా, మోకాళ్ళ నొప్పులకు తైలం సంచిలో పెట్టుకొని దంపతులు రైలెక్కారు.

కొత్తవలస నుంచి కిరందుల్ దాకా సుమారు 445 కిలోమీటర్లు సాగే ఆ మార్గం అసలు మనుష్యుల కోసం వేసినది కాదు. బైలడిల్లా నుంచి ఏటా 40 లక్షల టన్నుల ఖనిజాన్ని జపానుకు పంపేందుకు 1960లో ఒప్పందం కుదిరిన పిమ్మట, ఆ ఖనిజం రేవుకు చేరడానికని తూర్పు కనుమలను తొలిచి ఈ దారి వేశారు. ఇందులో 58 సొరంగాలున్నవి. దాదాపు సముద్రమట్టం నుంచి బయలుదేరిన రైలు, అరకు దాపున ఉన్న శిమిలిగుడ వద్ద వెయ్యి మీటర్లకు కొంచెం తక్కువ ఎత్తుకు చేరుతుంది. బ్రాడ్‌గేజి మార్గాలలో అంత ఎత్తున ఉన్న స్టేషను దేశంలోనే లేదని చాలాకాలం చెప్పుకొనేవారు. 1968లో బైలడిల్లా గనులు పని ప్రారంభించినవి. రేవులో భారీ ఖనిజ నౌకల కోసం కట్టిన ఔటర్ హార్బరు 1976లో మొదలైనది. ఆయనకు 22వ ఏట ఉద్యోగం దొరికినది కూడా ఆ సంవత్సరమే. అనగా ఆయన తిన్న అన్నానికి, కట్టిన ఇంటికి, చదివించిన పిల్లలకు మూలం ఈ పట్టాల ఆవలి చివర ఉన్నది. ‘బైలడిల్లా’ అంటే ఎద్దు మూపురమని అర్థమట. ఆ మూపురం మీదనే తన సంసారం సాగినదన్న సంగతి చీకటిలో సొరంగాల హోరు వింటున్నప్పుడు ఆయనకు కొత్తగా తోచినది.

తెల్లవారుజామున జగదల్‌పూర్‌లో దిగేసరికి చలిగా ఉన్నది. స్టేషను బయట కారు మాట్లాడుకొన్నారు. డ్రైవరు తెలుగువాడే. అతని తాత శ్రీకాకుళం వైపు నుంచి రైలుమార్గం పనులకు వచ్చి అక్కడే స్థిరపడ్డాడట. అతడు దినమంతటి కార్యక్రమాన్ని వేళ్ళు మడుస్తూ అప్పగించాడు: “ముందు దంతేశ్వరి గుడి, తరువాత చిత్రకోట జలపాతం, అక్కడి నుంచి తీరథ్‌గఢ్ జలపాతం, కుటుంసర్ గుహ. సాయంత్రానికి రైలు దగ్గర దింపేస్తాను బాబుగారూ. ఒక్కటి కూడా వదిలిపెట్టనక్కరలేదు.”

ఆ మాట వినగానే ఆయనకు రేవులోని నావికులు జ్ఞాపకం వచ్చారు. తానిప్పుడు ఉదయం పూట చేతులూపుకొంటూ నడిచే మనిషి.

గుడి పాత రాజప్రాసాదపు ఆవరణలో ఉన్నది. ఆ ప్రాసాదానికీ తెలుగునాటికీ సంబంధం పాతది. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించాడని ఐతిహ్యం. బస్తరు రాజులు తాము కాకతీయులమనే చెప్పుకొన్నారు. ఏటా 75 రోజుల పాటు సాగే ఇక్కడి దసరాలో రావణదహనం లేదు. దంతేశ్వరీదేవి ఛత్రాన్ని పెట్టిన కొయ్యరథాన్ని వేలమంది ఆదివాసులు లాగుతారు. ఆ ఆవరణలోనే 1966 మార్చి 25న జరిగిన పోలీసు కాల్పులలో రాజవంశీయుడు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్, ఆయన వెంట ఉన్న పలువురు ఆదివాసులు మరణించారు. ఆ తరువాత కూడా దశాబ్దాల పాటు బస్తరు అడవులు తుపాకుల చప్పుడు విన్నవి. ఉదయపు టెండలో ఒక కుక్క మెట్ల మీద పడుకొని ఉన్నది. పూలమ్మే ఆమె తన దుకాణం ముందు నీళ్ళు చల్లుకొంటున్నది. ఆ రాళ్ళమీద ఏమి జరిగినదో ఎవరైనా చెబితే తప్ప తెలియదు. దంపతులు దండం పెట్టుకొని, పదిహేను నిమిషాలలో బయటికి వచ్చారు. డ్రైవరు ఒక వేలు మడిచాడు.

చిత్రకోట అక్కడికి 38 కిలోమీటర్ల దూరం. ఇంద్రావతీ నది గుర్రపు నాడా ఆకారంలో ఉన్న బండరాతి అంచు మీదుగా సుమారు 29 మీటర్ల లోతుకు దూకుతుంది. వానకాలంలో దాదాపు 300 మీటర్ల వెడల్పున ఎర్రని నీటి గోడ నిలుస్తుంది గనుక, దానికి భారతదేశపు నయాగరా అని పేరు పెట్టారు. దంపతులు వెళ్ళినప్పుడు ఆ గోడ లేదు. ఎగువన ఒడిశాలోని ఆనకట్ట, జోరా నాలా వైపు మళ్ళిపోయిన ప్రవాహం, వీటికి తోడు ముదురుతున్న ఎండలు. నల్లని రాతి మీద నాలుగైదు తెల్లని పాయలు మాత్రం జారుతున్నవి.

“బొమ్మలో చూసినట్లు లేదే” అన్నారాయన, కొంచెం మోసపోయినట్లు.

ఆమె మాట్లాడలేదు. రాతి అంచున కూర్చుని చాలాసేపు నీటినే చూసింది. తరువాత అడిగింది: “ఈ నది చివరికి ఎక్కడికి పోతుంది?”

“గోదావరిలో కలుస్తుందమ్మగారూ” అన్నాడు డ్రైవరు.

ఆమె పుట్టిల్లు రాజమహేంద్రవరం. చిన్నతనంలో పుష్కరాల రేవు మెట్ల మీద కూర్చుని, వరదనీటిలో కొట్టుకొని వచ్చే కొమ్మలను, మానులను చూసి, ఇవి ఏ అడవివో అని పిల్లలు పందేలు వేసుకొనేవారు. ఆ నీటిలో కొంత ఇదే. ఆమె క్రిందికి దిగి, మోకాళ్ళు నొప్పి పుడుతున్నా లెక్కచేయక, మడుగు అంచున దోసిలితో నీరు తీసికొని నెత్తిన చల్లుకొన్నది. ఆయన గడియారం చూసికొన్నారు. ఆ తొందరలో తాను ఏ నావికుని పోలి ఉన్నారో తెలియక కాదు; అయినా చూసికొన్నారు.

తిరుగుదారిలో ఒక ఊరిచివర చింతచెట్ల క్రింద సంత సాగుతున్నది. తలల మీద బుట్టలు, కావిళ్ళు, కాళ్ళు కట్టిన కోళ్ళు, చంటిపిల్లలతో నాలుగు వైపుల నుంచి జనం కాలిబాటల వెంట వస్తున్నారు.

“ఇక్కడ ఆపు నాయనా” అన్నది ఆమె.

డ్రైవరు గాభరాపడ్డాడు. “ఇక్కడ ఆగితే గుహ పోతుందమ్మగారూ. తీరథ్‌గఢ్ కూడా పోతుంది.”

ఆయనకు గుహ మీద ఆశ ఉన్నది. కాంగేరు లోయలోని ఆ కుటుంసర్ గుహలో సూర్యకిరణం సోకని నీటిలో బ్రతికి బ్రతికి, చూపు కోల్పోయిన చేపలుంటాయని ఎక్కడో చదివారు. ఆ సంగతి చెప్పి చూశారు.

“చూపులేని చేపలను చూడడానికి అంత దూరం ఎందుకండీ? ఇక్కడ చూపున్న మనుషులున్నారు” అని ఆమె కారు దిగింది.

సంతలో మొదటి గంట అంతా వారికి అయోమయంగానే గడిచినది. ఇప్పపువ్వు రాశులు మత్తైన తీపివాసన వేస్తున్నవి. ఆ చెట్టు పువ్వు రాల్చేది తెల్లవారుజామున. చీకటి ఉండగానే లేచి ఏరుకొనకపోతే పశువులకు పోతుంది. జీలుగుచెట్టు కల్లు, దానిని అక్కడ సల్ఫీ అంటారు, సొరకాయ బుర్రలలో వచ్చినది. ఆకుదొన్నెలలో ఎర్రచీమలు, వాటి గుడ్లు అమ్ముతున్నారు. మిరపకాయలు, అల్లం చేర్చి నూరితే జ్వరానికి మంచిదట. ఒకచోట ఇత్తడి బొమ్మలు పరచుకొని ఒక యువకుడు కూర్చున్నాడు. మట్టిముద్దతో ఆకారం చేసి, దానిపై తేనెమైనపు దారాలు ఒక్కొక్కటిగా చుట్టి, మీద మళ్ళీ మట్టి మెత్తి కాలుస్తారు; మైనం కరిగి కారిపోయిన ఖాళీలోకి కరిగించిన ఇత్తడి పోస్తారు. మట్టి అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది గనుక ఏ రెండు బొమ్మలూ ఒక్కటిగా ఉండవు. మొహంజొదారో నర్తకి బొమ్మను పోతపోసినది కూడా ఈ పద్ధతిలోనే. ఆయన ఒక చిన్న ఎద్దు బొమ్మను చేతిలోకి తీసికొని, మూపురం తడిమి, ధర విని, తిరిగి పెట్టేశారు.

మరొకచోట ఉప్పు కుప్పగా పోసి అమ్ముతున్నారు. దాని ముందు ఆమె నిలబడిపోయింది. సముద్రపుటొడ్డున పుట్టి పెరిగినవారికి ఉప్పు లెక్కలోనిది కాదు. కాని ఈ కొండల్లో అది ఒకనాడు బంగారంతో సమానం. లంబాడీలు ఎద్దుల మీద వేసికొని కోస్తా నుంచి ఉప్పు తెచ్చి, అడవి సరుకులు తీసికొని పోయేవారు. నిన్నమొన్నటి వరకు కూడా ఇటువంటి సంతల్లో వర్తకులు ఒక కొలత ఉప్పు ఇచ్చి, ఒక కొలత సారపప్పు పట్టుకొని పోయేవారన్నది పలువురు అధికారులు, పరిశోధకులు వ్రాసి ఉంచిన సంగతి. మిఠాయిల్లో వేసే సారపప్పు పట్టణంలో ఏ ధర పలుకుతుందో ఎరిగిన ఏ గృహిణికైనా ఆ మారకం అర్థమవుతుంది.

చివరికి ఆమె చింతపండు దగ్గర కూర్చున్నది. చింతపండు వ్యాపారానికి బస్తరు పేరుపడినది. ఇక్కడి పండు దక్షిణాదిలోని ఎన్నో ఊళ్ళకు పోతుంది. అమ్ముతున్నది ఒక ముసలి అవ్వ. గింజ తీసి, ముద్దలుగా చేసి, ఆకుల మీద వరుసగా పెట్టుకొన్నది. మెడలో పూసలు, చేతుల మీద పచ్చబొట్లు. ముద్ద ముప్పై రూపాయలని వేళ్ళతో చూపించింది. ఐదు కావాలన్నది ఆమె.

బేరం ఆయన వంతు. రేవు బజారులో ఎవరూ ఆయనను మోసపుచ్చలేరని పేరు. “నూటయాభయ్యా? నూరు” అన్నారు. అవ్వ తల అడ్డంగా ఊపింది. ఆయన లేచి రెండడుగులు వేశారు. అది పాత ఉపాయం. అవ్వ ఏమీ అనలేదు. తిరిగి వచ్చి నూటఇరవై అన్నారు. పొద్దు వాలుతున్నది. ఆమె ఇంకా ఎంత దూరం నడిచి ఇంటికి పోవాలో ఎవరికి తెలుసు? అవ్వ ఒక్క క్షణం ఆకుల మీది ముద్దలకేసి చూసి, సరేనన్నట్లు చేయి కదిపింది. ఆయన జేబులో నుంచి డబ్బు తీస్తూ, గెలిచినవాని చిరునవ్వుతో భార్య వైపు చూశారు.

అవ్వ ముద్దలను ఒక్కొక్కటిగా సంచిలో వేస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

“ఉండి... రండ్... మూండ్... నాలుంగ్...”

ఆయన చేయి జేబులోనే ఆగిపోయినది. దంపతులు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. మొదటి అంకె తెలియలేదు గాని, రెండు, మూడు, నాలుగు తమ ఇంటివే. చిన్నప్పుడు తల్లి గోరుముద్దలు లెక్కపెట్టి పెడుతున్నప్పుడు విన్న అంకెలు అవి.

అవ్వ మాట్లాడినది గోండి. అది తెలుగువలెనే ద్రావిడ కుటుంబానికి చెందిన భాష. మనం ఏరు అంటే ప్రవాహం. వారికి ‘ఏర్’ అంటే నీరే. మన నెత్తురు వారికి ‘నెత్తూర్’. పట్టణంలో వినిపించే హల్బీ, హిందీ మాటల మాటున ఈ పాత చుట్టరికం పైకి కనబడదు. రాజుల వంశావళిలో వెదికితే ఓరుగల్లు బంధుత్వం ఏడు వందల ఏళ్ళది. అవ్వ వేళ్ళమీది లెక్క అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందటిది. రాజులు, రైళ్ళు, ఒప్పందాలు పుట్టక మునుపే ఇద్దరి పెద్దలు ఒక్క చోటనే రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకొన్నారు.

ఆయన నూటఇరవై ఇచ్చి లేచారు గాని, కారు దాకా పోలేకపోయారు. 38 ఏళ్ళు లెక్కలు వ్రాసిన మనిషి. నడుస్తూనే మనస్సులో లెక్క వేసుకొన్నారు. ఆ చెట్టెక్కి దులిపినవారు, ఏరినవారు, ఎండబెట్టినవారు, పెంకు ఒలిచి గింజ తీసినవారు, మోసుకొని వచ్చినవారు. అందరికీ కలిపి నూటయాభై. అందులో నుంచి తాను ముప్పై లాగుకొన్నారు. విశాఖపట్టణంలో ఒకపూట ఇద్దరు కాఫీ త్రాగితే అయ్యే ఖర్చు అది. ఆ ముప్పై లేకపోయినా తమకు లోటు లేదు. దానిని గెలుపనుకొన్నందుకు మాత్రం ఆయనకు సిగ్గు వేసినది.

ఆయన గిరుక్కున వెనుదిరిగి వెళ్ళి, మూడు పదిరూపాయల నోట్లు అవ్వ ముందు పెట్టారు. తెలుగులోనూ, వచ్చీరాని హిందీలోనూ ఏదో చెప్పబోయారు. అవ్వ నోట్లను చూసింది, ఆయనను చూసింది. ముఖంలో కోపమూ లేదు, కృతజ్ఞతా లేదు. వరుసలో నుంచి ఒక ముద్ద తీసి, ఆకులో చుట్టి, మరొక అంకె పలుకుతూ ఆయన చేతిలో పెట్టింది. అది కూడా మన ఆరుకు దగ్గరిదే. తరువాత నోట్లు మడిచి కొంగున ముడివేసి, ఎదుట నిలుచున్న ఇంకొకరి వైపు తిరిగింది.

ఆయన ఆ ఆరవ ముద్దను పట్టుకొని కొంతసేపు అట్లాగే నిలుచున్నారు. ఆమె దానం పుచ్చుకొనలేదు. ముప్పై ఇస్తే ముప్పైకి సరిపడా సరుకు ఇచ్చింది. ఆమె దృష్టిలో అది ఒక కొత్త బేరం; మొదటి బేరం ఎప్పుడో ముగిసినది. ఆమె ధరకు ఆరు ముద్దలు నూటఎనభై. ఆయన ఇచ్చినది నూటయాభై. బాకీ ముప్పై ముప్పైగానే ఉన్నది.

కారులో ఆ సంగతి చెప్పగానే భార్య కళ్ళలో నీళ్ళు వచ్చేటట్లు నవ్వింది. “అప్పు తీర్చబోయి ఆరో ముద్ద తెచ్చుకొన్నారా?” అన్నది. ఆయన కూడా నవ్వారు. కాని కొంతదూరం పోయిన తరువాత ఇద్దరి నవ్వూ ఆగిపోయినది. ప్రొద్దున తెచ్చుకొన్న పులిహోర పొట్లంలో ఇంకా కొంచెం మిగిలి ఉన్నది. ఆమె దానిని విప్పి డ్రైవరుకు పెడుతూ మెల్లగా అన్నది: “ఇందులోని చింతపండు కూడా ఇక్కడిదేనేమో!”

ఆ రాత్రి స్టేషనులో తిరుగు రైలు కోసం వేచి ఉండగా, ఎదుటి పట్టాల మీద ఒక ఖనిజ రైలు వచ్చినది. ఎర్రని ధూళి పట్టిన పెట్టెలు ఒకదాని వెనుక ఒకటి, లెక్క తప్పేటంత పొడవునా, విశాఖ వైపు సాగిపోయినవి. ఉద్యోగకాలంలో ఆయన వాటిని ఎప్పుడూ చివరి నుంచే చూశారు. ఆ సరుకు రేవుకు చేరుతుంది, తూకం వేస్తారు, కాగితం మీద టన్నులు పడతాయి. ఇప్పుడు చూస్తున్నది మధ్య నుంచి. మొదలు ఇంకా నూరు కిలోమీటర్లకు పైగా లోపల ఉన్నది. అక్కడికి ఆయన వెళ్ళనే లేదు. గుహ చూడలేదు, తీరథ్‌గఢ్ చూడలేదు. చూసిన జలపాతంలో నీళ్ళు లేవు. కాలుమోపిన సంతలో కూడా ఎదురుపడిన వందలమందిలో ఒక్కరితో జరిగిన లావాదేవీ, అదీ సగంలో.

పూర్వం రేవులో “ఊరంతా చూశాను” అని చెప్పిన నావికుల మీద కలిగిన జాలి ఆయనకు ఇప్పుడు కలుగలేదు. పాపం, వారికి మాత్రం ఎవరు ఎక్కువ వ్యవధి ఇచ్చారు? ఒక్క పగటిలో ఏ చోటూ ఎవరికీ తెలియదు. అది వచ్చినవారి తప్పు కాదు. తెలిసినదని అనుకొనడంలోనే తప్పు ఉన్నది. ఒడ్డున దిగినవాడు కనీసం తన చేతిలోని పొట్లం ఎవరి కష్టమో, తాను ఇచ్చినది దానికి తగిన ధరో కాదో తెలిసికొని ఓడ ఎక్కగలిగితే, ఆ పగలు వృథా కానట్లే.

మరునాటి ఉదయం ఇంటికి చేరేసరికి తల్లి వసారాలో పడకకుర్చీలో కూర్చుని ఉన్నది. కిటికీ ఊచల మీద ఎప్పటివలెనే సన్నని ఎర్ర ధూళి. కోడలు ఆకు విప్పి చింతపండు చూపిస్తే, ఆమె ఒక రేక తుంచి నాలుక మీద వేసికొని, కళ్ళు మూసుకొని తలవూపింది. అప్పుడు అడిగింది: “ఎట్లా ఉన్నదిరా ఆ చోటు?”

నలభై ఏళ్ళ నాటి ప్రశ్న అదే మాటలలో తిరిగి వచ్చేసరికి ఆయన ఉలికిపడ్డారు. కొంతసేపు ఆలోచించారు. నది గురించి చెబుదామా, రథం గురించి చెబుదామా అనుకొన్నారు.

“అక్కడ కూడా రెండు, మూడు, నాలుగు అనే లెక్కపెడతారమ్మా” అన్నారు చివరికి. “ఒక అవ్వకు ముప్పై రూపాయలు బాకీపడి వచ్చాను.”

తల్లి కళ్ళు తెరిచి కొడుకు వైపు చూసింది. ఊరివారి బాకీ ఇంటిలో ఉంచుకొనకూడదని ఆమె జీవితమంతా చెప్పిన మాట.

“అయితే మళ్ళీ వెళ్ళు” అన్నది.